స్క్రూడ్రైవరు పిడికి ఆనించిన చెవి

ఆటోనగర్ నాలుగో అడ్డరోడ్డులో, బాజీ షెడ్డు ముందు
నా బండ్లు రెండూ ఇవాళ పక్కపక్కన ఆగాయి.
ఒకటి తొంభై తొమ్మిది నాటిది.
రెండోది కొత్తది. కొత్తది, కొత్తది అంటూండగానే
దానికీ పదేళ్లు నిండాయి.

పాతదాన్ని లేపాలంటే
తాళం సగం తిప్పి, హీటరు దీపం ఆరేదాకా ఆగాలి.
ఆ కాసేపూ నేను
మందుల పెట్టెలు దించాల్సిన ఊళ్లు చెప్పుకునేవాణ్ణి:
మంగళగిరి, కాజ, నంబూరు, గుంటూరు...
పేరేచర్ల అనేసరికి దీపం ఆరేది.
ఒక దగ్గు. ఇంత తెల్లపొగ.
పైవాటా లెక్కల మాష్టారి కిటికీ ధడాలున మూసుకునేది.
ఇక ఆ తరవాత దానికి ఎవరితోనూ పనిలేదు.
వారధి మీద గాలివాన గానీ
చక్రాలు సగం మునిగిన కాజ మలుపు గానీ
బ్యాటరీ నీరసించిన రాత్రి గానీ,
నలుగురు తోస్తే చాలు, నాలుగు ఊళ్లు తిరిగొచ్చేది.

తాగేది మాత్రం తాగేది.
లీటరుకు పదిహేను, అదీ మంచి మాట చెబితే.
మే నెలలో ఏసీ వేశానంటే
కనకదుర్గమ్మ ఫ్లైఓవర్ ఎక్కడానికి
నేనూ సీట్లో ముందుకు వంగి సాయం పట్టాల్సిందే.

కొత్తది అలా కాదు.
తిప్పితే చాలు, లేచిందో లేదో కూడా తెలీదు.
లీటరుకు ఇరవై రెండు.
నా చేతిపుస్తకం అబద్ధమాడదు:
రోజుకు వంద కిలోమీటర్లు,
రోజుకు రెండొందలు మిగులు.
ఆ రెండొందలతోనే చీటీ కట్టాను,
ఆ చీటీతోనే వంటింటి మీద స్లాబు పడింది.
ఈ మాట దాచి పాతదాన్ని పొగిడితే
అన్నం తిన్నట్టు కాదు.

పోయిన గురువారం రామవరప్పాడు రింగులో
అద్దం కింద పసుపుదీపం ఒకటి వెలిగింది.
చప్పుడు లేదు, పొగ లేదు,
నలభై దాటి కదలను అంది, అంతే.
ఎక్కడ పోయించిన డీజిల్లో
ఎన్ని చుక్కల నీళ్లు కలిశాయో!
ఇంజెక్టర్లు నాలుగూ పోయాయి. యాభై ఆరు వేలు.
చేతిపుస్తకం వెనక అట్ట మీద భాగించి చూశాను.
రెండొందల ఎనభై రోజుల మిగులు
ఒక్క మధ్యాహ్నం బిల్లులో కూర్చుంది.

"ఇనుముకి నీతి ఉండేది బాజీ,
ఈ తీగలకి లేదు" అన్నాను.
బాజీ పలకలేదు.
ఆలోచిస్తున్నాడనుకున్నాను. కాదు, వినపడలేదు.

ముప్పై ఏళ్లు
మూరెడు స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద, పిడి కుడిచెవిలో,
"మూడోది మూలుగుతోంది" అని
బానెట్టు కింద నుంచే రోగం చెప్పిన మనిషి.
ఆ పాత ఇంజన్లు అన్నీ ఆయన చెవిలోనే చెప్పుకున్నాయి.
చెప్పుకుని చెప్పుకుని
ఆ చెవినే పట్టుకుపోయాయి.

మేనకోడలు రిజ్వానా
స్టీరింగు కింద తీగ గుచ్చింది, తెర వెలిగింది.
ఒక అక్షరం, నాలుగు అంకెలు.
బాజీ కళ్లజోడు పైకి జరుపుకుని చదివి
పళ్లన్నీ కనపడేలా నవ్వాడు:
"ఏసుపాదం, ఇది నాకు బాగా వినపడుద్దిరా."

నీతి మాట అక్కడే మింగేశాను.

సాయంత్రం మబ్బు పట్టింది.
పొద్దున్నే గుంటూరు సరుకు. కొత్తది రేపటిదాకా షెడ్డులోనే.
పాతదాంట్లో కూర్చుని ఊళ్లు చెప్పుకున్నాను.
దగ్గింది. లేచింది.
బాజీ వచ్చి చెవి పెట్టలేదు,
వణుకుతున్న బానెట్టు మీద
నల్లబడ్డ అరచెయ్యి పరిచి నిలబడ్డాడు, చాలాసేపు.

"మూడోది" అన్నాడు.

రిజ్వానా తీగ చేత్తో పట్టుకుని
స్టీరింగు కింద వంగి వెతికింది.
గుచ్చే చోటు ఆ బండిలో ఎక్కడా లేదు.